పసుపు గీత కింద పోయిన రిహార్సల్ గది

సంపాదకులకు నమస్కారం.

నేను తెనాలిలో 22 ఏళ్లుగా ఇళ్లకీ షాపింగ్ కాంప్లెక్సులకీ ప్లాన్లు గీసి, మున్సిపల్ అనుమతికి అప్‌లోడ్ చేసే ఇంజినీర్ని. మా లైసెన్సు పేరు లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ అని పొడుగ్గా ఉంటుంది కాబట్టి అందరూ ఎల్టీపీ అంటారు. పాత కట్టడాన్ని కూలగొట్టి కొత్తది కట్టేటప్పుడు ప్లాన్‌లో రంగుల లెక్క ఒకటుంటుంది. కట్టబోయేది ఎరుపు, కూలగొట్టబోయేది పసుపు. ఆరేళ్ల క్రితం అలా నేను పసుపు గీత చుట్టిన వాటిలో ఒక పాత పప్పుల మిల్లు గోడౌన్ ఉంది. ఈ ఉత్తరం దాని గురించీ, అలాంటి గది మళ్లీ దొరకాలంటే పెద్ద భవనాలకు పెట్టాల్సిన ఒక రూలు గురించీ.

మా నాన్న పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. మిల్లు మూతపడ్డాక దాని యజమాని సాయంత్రం ఆరు తర్వాత గోడౌన్ తాళాలు నాటకాల వాళ్లకి ఇచ్చేవారు. అద్దె తీసుకునేవారు కాదు. ఆయనకు కృష్ణుడి పద్యాలంటే ప్రాణం, అంతే. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆర్టిస్టులు సైకిళ్ల మీద వచ్చేవారు. కందిపొట్టు వాసన, అరవై క్యాండిల్ బల్బు, మధ్యలో మా నాన్న పెట్టె. రాయబారం సీను పదిసార్లు చెప్పించేవారు. రాగం సాగదీస్తూ మాట మింగేస్తే నాన్న హార్మోనియం గాలితిత్తి ఆపేసి ఊరికే చూసేవారు. ఆ చూపుకి భీముడు కూడా భయపడేవాడు. నాకు పద్యం ఎవరూ పాఠంలా చెప్పలేదు. గోనెసంచుల మీద కూర్చుని, నిద్ర ఆపుకుంటూ విన్నదే వచ్చింది.

ఆ పెద్దాయన పోయాక పిల్లలు స్థలాన్ని డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. వాళ్ల తప్పేమీ లేదు, మెయిన్ రోడ్డు స్థలం ఎన్నాళ్లని ఖాళీగా ఉంచుతారు? సెల్లార్ పార్కింగు, పైన నాలుగంతస్తుల కాంప్లెక్సు. గీసింది నేనే, ఫీజు తీసుకున్నదీ నేనే. సెట్‌బ్యాకులు, అంటే భవనం చుట్టూ వదిలే ఖాళీ, ఎన్ని అడుగులు, పార్కింగ్ ఎంత శాతం, వాన నీటి గుంత ఎక్కడ, అన్నిటికీ ఫారంలో గళ్లున్నాయి. ఇక్కడ సాయంత్రాలు ఏం జరిగేది అని అడిగే గడి మాత్రం లేదు.

తర్వాత మా నాటకాల వాళ్లు ఒక ఆర్టిస్టు ఇంటి డాబా మీదికి మారారు. తొమ్మిదయ్యేసరికి పక్కింటివాళ్లు, పాపం పరీక్షల పిల్లలున్నారు, ఆపమనేవారు. కల్యాణ మండపాల అద్దె మా తాహతుకు మించింది. ఇప్పుడు చాలాసార్లు అర్జునుడూ కృష్ణుడూ నేరుగా స్టేజీ మీదే కలుస్తున్నారు. అనుభవం ఉన్నవాళ్లు కాబట్టి నెట్టుకొస్తారు. గోనెసంచుల మీద కూర్చుని వినే పిల్లలకి మాత్రం చోటు లేకుండా పోయింది. ఇది ఏ ఊళ్లో జరుగుతోందో చూడండి. స్థానం నరసింహారావు, మాధవపెద్ది వెంకట్రామయ్య వంటి మహానటులు రామవిలాస సభలో వేషాలు కట్టిన ఊరు. ఆడవేషాలతో పేరుపొంది 1956లో పద్మశ్రీ అందుకున్న నటుడు స్థానం.

అసలు సంగతికి వస్తాను. పెద్ద కమర్షియల్ భవనానికి అనుమతి ఇచ్చేటప్పుడు కట్టుబడి ఖర్చులో అర శాతం ఆ ఊరి కళల కోసం తీసుకోవాలని నా మనవి. నిర్మాణ రంగానికి ఇలాంటి వసూలు కొత్త కాదు. 1996లో చట్టం వచ్చిన నాటి నుంచీ భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి 1 శాతం సెస్సు కడుతూనే ఉన్నాం. మా చలానాలో అదొక లైను. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది, దాని చట్టం 1960 నాటిది. పుస్తకానికి ఒక పద్దు ఉన్నప్పుడు పద్యానికి ఎందుకు ఉండకూడదు?

రెండేళ్ల క్రితం మా అమ్మాయి దగ్గరికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లినప్పుడు ఇదే పద్ధతి కళ్లారా చూశాను. ఒక ఆఫీసు భవనం ముందు పెద్ద శిల్పం, పక్కనే పలక మీద శిల్పి పేరు. బిల్డరుకి ఇంత కళాపోషణ ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకున్నాను. అది పోషణ కాదు, రూలు. అక్కడి డౌన్‌టౌన్‌లో పెద్ద భవనం కడితే ఖర్చులో 1 శాతం జనానికి కనిపించే కళకు పెట్టాలని 1985లో పెట్టారు. బొమ్మ పెట్టే బదులు ఆ సొమ్ము నగరం కళానిధికి కట్టే వీలు కూడా తర్వాత ఇచ్చారు. ఫిలడెల్ఫియాలో నగరం తిరిగి అభివృద్ధి చేసే స్థలాల్లో కట్టేవాళ్లకి 1959లోనే ఇలాంటి నియమం ఉంది. మా అమ్మాయి షాపుల్లోకి రమ్మంటుంటే నేను పలకలు చదువుతూ నిలబడ్డాను.

కానీ అక్కడిదాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోవద్దు. మాకు బొమ్మల కొరత లేదు. ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులు మా ఊళ్లోనే ఉన్నారు. చౌరస్తాల్లో నాయకుల విగ్రహాలకీ లోటు లేదు. లిఫ్టు పక్కన గోడ మీద ఒక పెయింటింగు తగిలించి కళాబాధ్యత తీరిందని సర్టిఫికెట్ అడిగే బిల్డర్లు నాకు తెలుసు. కావలసింది గది. ఫీజు కట్టడం ఇష్టం లేనివాళ్లు పై అంతస్తులో ఒక హాలు, సాయంత్రం ఆరు నుంచి పది దాకా, ఊళ్లోని నాటక బృందాలకీ బుర్రకథ దళాలకీ కోలాటం నేర్చుకునే ఆడవాళ్లకీ ఇస్తే చాలని రాయాలి. నన్నడిగితే డబ్బు కంటే ఇదే మేలు. ఏ కాంప్లెక్సులో చూసినా పై అంతస్తు ఏళ్ల తరబడి టు లెట్ బోర్డుతోనే ఉంటుంది. గ్రౌండ్ ఫ్లోర్ వదిలేయమని నేను అడగడం లేదు.

ఇచ్చిన మాట తప్పితే ఏం చేయాలి? దానికీ దారి ఉంది. పెద్ద భవనాల్లో నిర్మిత ప్రాంతంలో కొంత భాగం మున్సిపల్ కమిషనర్ పేరిట మార్ట్‌గేజ్, అంటే తాకట్టు, చేయించుకుని, ప్లాన్ ప్రకారం కట్టాకే విడుదల చేస్తారు. ఆ హాలు తలుపు తీసి చూపించాకే విడుదల అంటే బిల్డరే మా వాళ్లను వెతుక్కుంటూ వస్తాడు.

మా క్లయింట్లు ఈ ఉత్తరం చదివితే తిడతారని తెలుసు. డెవలప్‌మెంట్ చార్జీలు, బెటర్‌మెంట్ చార్జీలు, లే అవుట్ లేని స్థలమైతే ఖాళీ స్థలం చార్జీ, ఇన్ని ఉండగా ఇంకొకటా అంటారు. రెండు షట్టర్ల కొట్టు కట్టుకునే చిన్నవాడి మీద నేనూ ఒప్పుకోను. వెయ్యి గజాలు దాటిన కమర్షియల్ స్థలాలకే పెట్టండి. 4 కోట్ల కట్టడం అనుకుందాం. అర శాతమంటే 2 లక్షలు. ముందు వైపు మెరిసే ఏసీపీ అల్యూమినియం షీట్లకి అంతకంటే ఎక్కువే పెడుతున్నారు. ఆ భారం చివరికి షాపుల అద్దెలో కలుస్తుందన్నది నిజమే, కాదనను. ఏటా కాదు కదా, ఒక్కసారే.

నాకు అసలు టెన్షన్ బిల్డర్ల గురించి కాదు, వసూలయ్యాక డబ్బు పోయే దారి గురించి. గ్రంథాలయ సెస్సు వసూలై కూడా గ్రంథాలయ సంస్థలకు చేరలేదన్న వార్త మీ పేపర్లోనే ఎన్నిసార్లు చదివానో. కార్మికుల సెస్సు ఖర్చుకాకుండా మూలుగుతోందని 2018లో సుప్రీంకోర్టే రాష్ట్రాలను నిలదీసింది. అందుకే ఈ సొమ్ము జనరల్ ఫండ్‌లో కలవకూడదు. విడి ఖాతా ఉండాలి, ఎంత వచ్చింది, ఎవరికిచ్చారు అన్నది ప్రతి మూడు నెలలకీ ఆఫీసు గోడ మీద అంటించాలి. వసూలైన ఊళ్లోనే ఖర్చు కావాలి. ఇంకొకటి, కొంచెం చిన్నబుద్ధిగా అనిపించినా రాస్తున్నాను: శాలువాలకీ మెమెంటోలకీ ఇందులోంచి ఒక్క రూపాయి ఇవ్వకూడదని జీవోలోనే ఉండాలి. మా నాన్న పోయేనాటికి బీరువాలో పదకొండు శాలువాలున్నాయి. హార్మోనియం రీడ్లు మార్పించడానికి మాత్రం ఆయన చేతిలో డబ్బులుండేవి కావు.

వచ్చే వారం మళ్లీ ఒక కాంప్లెక్సు ఫైలు పెట్టబోతున్నాను, 1,600 గజాల స్థలం. మూడో అంతస్తులో ఒక హాలు వదలమని ఓనరు గారికి చెప్పి చూశాను. ఆయన నవ్వి, “రూలుంటే గీయండి ఇంజినీరు గారూ, లేకపోతే ఎందుకండీ?” అన్నారు. 30 అడుగులు, 20 అడుగులు, తూర్పున రెండు కిటికీలు, హార్మోనియం పెట్టుకోవడానికి ఒక మూల చిన్న అరుగు. ఎరుపు గీతతో గీసి ఉంచాను. ఫైల్లో పెట్టే షీటు అది కాదు.

ఇట్లు,
ఒక ఎల్టీపీ, తెనాలి