మన కమిటీ జమా ఖర్చులు 2024-25: వెతుకులాటకు పైసా ఎందుకు ఇవ్వలేదంటే

సభ్యులకు, విరాళాలిచ్చిన మిత్రులకు నమస్కారం.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు, దత్తత కుటుంబాల కోసం, దత్తత పిల్లల కోసం పనిచేసే మన కమిటీకి వచ్చిన డబ్బు, అయిన ఖర్చు వివరాలివి. ఆడిటర్ సంతకం చేసిన లెక్క కార్యవర్గం ముందు పెట్టాం, ఆమోదించారు. అంకెలు చెప్పి ఊరుకుంటే చాలదు. ఈ ఏడాది ఒకే ప్రశ్న చాలామంది అడిగారు: "దత్తత వెళ్లినవారి కన్నవాళ్లను వెతికిపెట్టడానికి మీరు ఎంత ఖర్చు పెట్టారు?" ఏమీ పెట్టలేదు. ఎందుకో కింద రాశాం.

ముందు జమ. పాత నిల్వ రూ. 38,450. సభ్యత్వ రుసుములు రూ. 1,26,000. విరాళాలు రూ. 2,14,700. టీచర్ల కోసం వేసిన చిన్న పుస్తకం మీద రూ. 9,300, బ్యాంకు వడ్డీ రూ. 2,115. అన్నీ కలిపి రూ. 3,90,565.

విరాళాలు ఇంకా ఎక్కువ రావాల్సింది. చిన్నప్పుడే విదేశాలకు దత్తత వెళ్లి, అక్కడే పెరిగిన కొందరు డబ్బు పంపుతామన్నారు. వాళ్లు ఇప్పుడు ఆయా దేశాల పౌరులు. భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ పౌరుల దగ్గర విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి ఉండాలి. మనకు లేదు. ఇక్కడ పుట్టినవాళ్లు ఇక్కడి పిల్లల కోసం ఇస్తానంటే వద్దనడం కష్టంగానే ఉంది, కానీ చట్టం అది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు, అలా వచ్చినవి పై మొత్తంలోనే ఉన్నాయి.

ఇంకో విరాళం కూడా వద్దన్నాం. "కాస్త పెద్ద మొత్తమే ఇస్తాం, మా నంబరు ముందుకు జరిపించండి" అన్నారు. బిడ్డ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్ల టెన్షన్ మాకు తెలుసు, మాలో సగం మంది ఆ క్యూలో నిలబడి వచ్చినవాళ్లమే. కానీ దత్తత దరఖాస్తులు నడిచే ప్రభుత్వ పోర్టల్ కేరింగ్స్‌లో వరుస మార్చడం ఎవరి చేతిలోనూ లేదు. బయట బేరం చేసుకుని బిడ్డను తెచ్చుకుంటే జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు. బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు. అలాంటి మాట వినిపించిన చోట మన రశీదు పుస్తకం బయటికి తీయం.

ఇక ఖర్చు. అన్నిటికంటే పెద్దది కౌన్సెలింగ్, రూ. 1,48,500. ఏ పెళ్లిలోనో ఎవరో చుట్టం నోరు జారితే తాము దత్తత వచ్చిన సంగతి తెలుసుకున్న పిల్లలు, పిల్లకు ఎప్పుడు చెప్పాలో తేల్చుకోలేక ఏళ్లు గడిపేసిన అమ్మానాన్నలు, ఎక్కువగా వచ్చింది వీళ్లే. పెద్దవాళ్లైన దత్తత పిల్లలకు విడిగా ఒక బృందం పెట్టాం, అందులోకి తల్లిదండ్రులను రానివ్వలేదు. కొందరు నొచ్చుకున్నారు. అయినా ఆ నియమం మార్చం. అమ్మ పక్కన కూర్చుంటే కన్నతల్లి గురించి ఎవరూ నోరు విప్పరు.

తర్వాతది ప్రయాణ సాయం, రూ. 61,240. వెతుకులాట ప్రశ్న ఇక్కడే వస్తుంది. 2022 దత్తత నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండినవారు తమ మూలాల కోసం, దత్తతల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ కారాకు తామే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకంటే చిన్నవాళ్లయితే పెంచిన తల్లిదండ్రులతో కలిసి పెట్టాలి. మూడో మనిషి వెతకడానికి వీల్లేదు. కమిటీ అయినా, డిటెక్టివ్ అయినా మూడో మనిషే. బిడ్డను అప్పగించేటప్పుడు తమ వివరాలు బయటపెట్టొద్దని కన్నవాళ్లు కోరి ఉంటే, దత్తత ఏజెన్సీగానీ జిల్లా బాలల పరిరక్షణ విభాగంగానీ వాళ్ల అంగీకారం తీసుకోవాలి. వాళ్లు ఒప్పుకోకపోయినా, ఆచూకీ దొరకకపోయినా, ఏ పరిస్థితిలో బిడ్డను అప్పగించారో ఆ కారణాలైనా చెప్పాలి. అందుకే ఏజెన్సీ రమ్మని పిలిచినవారికి రానుపోను టికెట్లు, తోడు వెళ్లినవారి ఖర్చు ఇచ్చాం. ఊళ్లు తిరిగి వాకబు చేయడానికి ఎవరికీ ఇవ్వలేదు.

డీఎన్ఏ పరీక్షలకు డబ్బిద్దామని కార్యవర్గంలోనే కొందరు గట్టిగా వాదించారు. పరీక్ష చేయించుకోవడం ఎవరిష్టం వారిది. కానీ ఇప్పుడు వేరే సంసారంలో ఉన్న ఒకావిడ గడప దాకా ఆ ఫలితం వెళ్తే, ఆ ఖర్చు మన పద్దులో ఉండకూడదని ఎక్కువమంది అన్నారు. ఈ వాదన ఇంకా తెగలేదు, వచ్చే సర్వసభ్య సమావేశంలో మళ్లీ పెడతాం.

కాగితాల ఖర్చు రూ. 32,860. పాత శిశుగృహాల రికార్డులు చేత్తో రాసిన తెలుగులో ఉంటాయి. విదేశాల నుంచి వచ్చినవారు వాటిని చదవలేరు, అనువాదం చేయించాం. మిగతాది జనన ధ్రువపత్రం, ఆధార్, స్కూలు రికార్డుల్లో పేర్లు కలవక తిరిగిన కుటుంబాలకు నకళ్లు, నోటరీ. ఇందులో కొంత ఆదా చేయొచ్చు. దేశంలోనే దత్తత తీసుకున్న పిల్లల పాస్‌పోర్టుకు రిజిస్టర్డ్ దత్తత పత్రం తప్పనిసరి కాదని, తెల్ల కాగితం మీద ధ్రువీకరణ చాలని 2016 డిసెంబరులోనే నిబంధన సడలించారు. అది తెలియక లాయర్లకు డబ్బు కట్టినవాళ్లున్నారు.

కుటుంబాల సమావేశాలకు హాలు, పిల్లలను చూసుకునేవారి భత్యం కలిపి రూ. 44,300. పుస్తకం అచ్చుకు రూ. 27,500. "నీ పుట్టినప్పటి ఫొటో తీసుకురా", "వంశవృక్షం గీసుకురా" అనే హోంవర్క్ కొందరు పిల్లలకు ఎంత ఇబ్బందో టీచర్లకు చెప్పే పుస్తకం అది. పెట్టుబడి తిరిగి రాలేదు, వస్తుందని వేయనూ లేదు.

వినతిపత్రాలు, ప్రజాప్రతినిధులను కలవడానికి రూ. 11,620. ప్రధాన డిమాండ్ ప్రసూతి సెలవు. ఆ ఏడాది అమల్లో ఉన్న 2017 సవరణ ప్రకారం దత్తత తల్లికి 12 వారాల సెలవు రావాలంటే బిడ్డ వయసు మూడు నెలల లోపు ఉండాల్సి వచ్చేది. అప్పగించిన కన్నవారికి మనసు మార్చుకోవడానికే రెండు నెలల గడువుంది. ఆపైన బిడ్డను దత్తత ఇవ్వొచ్చని బాలల సంక్షేమ కమిటీ ప్రకటన, వైద్య నివేదిక, కుటుంబం ఎంపిక. ఇవన్నీ ముగిసి మూడు నెలల వయసుకే ఒడికి చేరే బిడ్డలు ఎంతమంది? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు ఏడాది లోపు బిడ్డను దత్తత తీసుకుంటే 180 రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగినికి ఆ బిడ్డే వేరా అని అడిగాం.

ఆడిట్, ఫోను, బ్యాంకు చార్జీలు రూ. 14,185. మొత్తం ఖర్చు రూ. 3,40,205. నిల్వ రూ. 50,360, అందులో బ్యాంకులో 48,910, చేతిలో 1,450. మార్చి కౌన్సెలింగ్ బిల్లు రూ. 12,400 ఏప్రిల్‌లో కట్టాలి కాబట్టి, వాడుకోవడానికి ఉన్నది రూ. 37,960 మాత్రమే.

విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు కావాలనుకునేవారు రెండు వేలు దాటితే నగదు ఇవ్వొద్దు, బ్యాంకు ద్వారా పంపండి. బిల్లులు, వోచర్లు సభ్యులెవరైనా కోశాధికారి దగ్గర చూడొచ్చు. ప్రయాణ సాయం, కౌన్సెలింగ్ పొందినవారి పేర్లున్న వోచర్లు మాత్రం ఎంత దగ్గరివారడిగినా చూపించం. వాటిని కోశాధికారి, ఆడిటర్ తప్ప ఎవరూ చూడలేదు.