జూన్ 1 నుంచి పాల ధర, ఏప్రిల్‌లో మీకు చెప్పకుండా చేసిన ఒక పని

మన దగ్గర పాలు పోయించుకునే అందరికీ నమస్కారం. జూన్ 1 నుంచి గేదె పాలు లీటరు 90 రూపాయల నుంచి 96కి పెంచుతున్నాం. ఇంకో మాట కూడా చెప్పాలి. ఏప్రిల్‌లో ఆరు రోజుల పాటు మీ ఇంటికి వచ్చినవి పూర్తిగా మన గేదెల పాలు కావు. ముందు దాని గురించే చెప్తాను. అది చెప్పకుండా ధర పెంచమని అడగడానికి నాకు మనసొప్పలేదు.

పాలు పితికే ముందు ప్రతి చన్ను నుంచీ మొదటి రెండు ధారలు నల్ల పళ్లెంలో పిండి చూస్తాం. పాలు బాగుంటే నున్నగా జారిపోతాయి. పొదుగువాపు మొదలైతే తెల్లటి తరకలు ఆ నలుపు మీద ఇట్టే కనిపిస్తాయి. ఏప్రిల్‌లో ఒక రోజు తెల్లవారుజామున మూడున్నరకు రెండు గేదెల దగ్గర అవే కనిపించాయి. చెయ్యి వేస్తే పొదుగు ఒక పక్క వేడిగా, గట్టిగా ఉంది. డాక్టరుగారు మూడు రోజులు యాంటీబయాటిక్ సూదులు వేశారు. చివరి సూది తర్వాత ఇంకో మూడు రోజులు ఆ పాలు వాడొద్దన్నారు. వాపు ఒక్క చన్నుకే ఉన్నా సూదిమందు నాలుగు చన్నుల పాలలోకీ వస్తుంది. అందుకే మొత్తం గోతిలో పారబోశాం. దూడలకు కూడా పట్టలేదు. అలా రోజుకు 14 లీటర్లు పోయాయి.

అంతవరకు మేం చేసింది సరైనదే. తప్పు ఆ తర్వాత చేశాం. పాలు తగ్గాయని మీకు చెప్పడానికి మొహమాటపడి, పక్క ఊళ్లో తెలిసిన రైతు దగ్గర ఆ 14 లీటర్లు కొని మన పాలలో కలిపి పంపించాం. ఆయన నీళ్లు కలిపే మనిషి కాదు. కానీ ఆయన దగ్గర గేదెలతో పాటు జెర్సీ ఆవులు కూడా ఉన్నాయి, పాలన్నీ ఒకే క్యానులో పోస్తారు. వెన్న తేడా వస్తుంది. మూడో రోజే విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "అమ్మాయ్, పెరుగు గరిటెకి నిలవటం లేదు, ఏం మార్చారు?" అని అడిగారు. మేత మార్చామని చెప్పాను. అది అబద్ధం. మొన్న ఆవిడకు నేనే ఫోన్ చేసి నిజం చెప్పాను. ఇప్పుడు మీ అందరికీ చెప్తున్నాను, క్షమించండి.

ఆరు రోజుల్లో కలిపిన పాలు 84 లీటర్లు. మనం ఒక రోజు అందరికీ పోసే పాలు కూడా దాదాపు అంతే. అందుకని మే బిల్లులో ప్రతి ఇంటికీ ఒక రోజు పాల డబ్బు తగ్గిస్తున్నాం. ఇకనుంచి పాలు తక్కువ పడితే ముందు రోజు రాత్రే వాట్సాప్‌లో చెప్తాం. బయట పాలు మాత్రం కలపం.

ఇక ధర సంగతి. ఆనందపురంలో మన సాలలో 22 ముర్రా గేదెలున్నాయి. ఇప్పుడు పాలిస్తున్నవి 13, వాటి నుంచి మీకు పోసేది రోజుకు 88 లీటర్లు. మిగతా తొమ్మిదీ వట్టిపోయినవి, చూడితో ఉన్నవి. పెయ్యలు ఇంకో ఆరు. పాలిచ్చే గేదెకు దాణా, పచ్చిగడ్డి, వరిగడ్డి కలిపి రోజుకు 300 రూపాయలవుతోంది, పాలివ్వనిదానికి 160, పెయ్యకు 80. అంతా కలిపితే రోజుకు 5,820. అంటే లీటరుకు 66 రూపాయలు మేతకే పోతోంది. అందులో దాదాపు 22 రూపాయలు ఈ పూట చుక్క పాలివ్వని పశువులు తినేది. సాలలో పనిచేసే భార్యాభర్తల జీతం, పాలు వేసే ఇద్దరు కుర్రాళ్ల జీతం, పెట్రోలు, కరెంటు, మందులు కలిపి ఇంకో 28. మొత్తం 94. శీతాకాలంలో 16 గేదెలు పాలిచ్చి 120 లీటర్లు పోసినప్పుడు మిగిలేదే వేసవిని గట్టెక్కించేది. ఈసారి ఆ డబ్బు వరిగడ్డికి, వైద్యానికి అయిపోయింది.

"పాలివ్వనివి అమ్మేయొచ్చు కదా" అని చాలామంది అంటారు. బేరగాళ్లు నెలకోసారి వస్తూనే ఉంటారు. ఈనిన ముర్రా కొనాలంటే లక్ష పైమాటే, వట్టిపోయినదానికి అందులో సగం కూడా ఇవ్వరు. గేదె చూడి పది నెలలు, ఈనడానికి ముందు రెండు నెలలు పాలు పిండకుండా వదిలేయాలి. ఆ రెండు నెలలు దాన్ని బాగా మేపితేనే మళ్లీ మీకు చిక్కటి పాలు. ఆ ఖర్చు దండగ అని నేను అనుకోను.

దండగ ఎక్కడంటే, ఎద, అంటే గేదె చూడి కట్టే అదను, దాటిపోయినప్పుడు. ఎండాకాలంలో గేదెలకు మూగ ఎద వస్తుంది. అరవవు, గెంతవు, ఏ అర్ధరాత్రో తోక కింద సన్నటి జిగురు తీగ కనిపించి తెల్లారేసరికి ఉండదు. అది దాటితే మళ్లీ 21 రోజులు ఆగాలి. రోజుకు 160 చొప్పున 3,360 రూపాయలు, ఒక్క గేదె మీద. అందుకే మా అత్తగారు మార్చి నుంచి సాల పక్కనే మంచం వేసుకుంటున్నారు. రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని ఒక్కోదాని వెనకా చూసి, గోడ మీద సుద్దతో గీత పెడతారు. పొద్దున్నే గీత చూసి మా ఆయన డాక్టరుగారికి ఫోన్ చేస్తే, సాయంత్రానికి చూడి కట్టే సూది పడుతుంది. ఈ వేసవిలో ఆవిడ వల్ల నాలుగు గేదెలు చూడి కట్టాయి.

మేం చేసిన దండగ ఖర్చు ఇంకోటి ఉంది, ఫాగర్లు. నీటి తుంపర చల్లితే చల్లబడుతుందని అప్పు చేసి పెట్టించాం. మన సముద్రపు గాలిలో అసలే తేమ, తుంపర ఆరక గేదెలు ఇంకా ఎక్కువ రొప్పాయి. ఇప్పుడు పైపుతో రోజుకు మూడుసార్లు ఒంటి మీద నీళ్లు పోసి ఫ్యాన్లు వేస్తున్నాం. అదే బాగా పనిచేస్తోంది.

ఇక గడ్డి టెన్షన్ ఎప్పుడూ ఉండేదే. కౌలుకు తీసుకుని సూపర్ నేపియర్ గడ్డి వేసిన ఎకరంలో ఇప్పుడు లేఅవుట్ రాళ్లు పాతారు. పద్మనాభం వైపు ఇంకో ఎకరం దొరికింది, కోత ఆగస్టులో.

96 భారమనిపిస్తే పాలు తగ్గించుకోండి, మానేసినా మేం ఏమీ అనుకోం. 2014లో హుద్‌హుద్‌ తుఫానుకి మన సాల రేకులు ఎగిరిపోతే, పాలు రాని వారం రోజులకు కూడా డబ్బులిచ్చిన ఇళ్లు మీలో ఉన్నాయి. ఆ ఇళ్లకు జూన్, జూలై నెలలు పాత ధరకే పోస్తాం, వద్దనకండి.

ముందే చూడితో ఉన్న వేరే నాలుగు గేదెలు జూలైలో ఈనుతాయి. మొదటి జున్నుపాలు దూడకే. రెండో రోజు నుంచి దూడ తాగాక మిగిలితే, కావాలన్నవాళ్లకు వంతులవారీగా పంపిస్తాం. పాలు వేసే కుర్రాడికి ఇప్పుడే చెప్పి ఉంచండి.