కొత్త నాడీకణాలు, పాత వివాదం

సంపాదకులకు నమస్కారం.

పెద్దవారి మెదడులో కొత్త నాడీకణాలు పుట్టవన్న మాట ఇప్పటికీ తిరుగులేని సత్యంగా చలామణీ అవుతున్నందున ఈ లేఖ రాస్తున్నాను. ఎదిగిన ఎలుకల మెదడులో కొత్త కణాలు పుడుతున్నట్టు జోసెఫ్ ఆల్ట్‌మన్ 1960లలోనే చూపినా, శాస్త్రలోకం చాలాకాలం ఆ మాటను పట్టించుకోలేదు. మనుషుల్లోనూ ఇది జరుగుతుందనడానికి పీటర్ ఎరిక్‌సన్, ఫ్రెడ్ గేజ్ బృందం 1998లో ఆధారాలు ప్రచురించింది.

జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో, డెంటేట్ గైరస్ అనే భాగంలో ఈ కణాలు పుడతాయి. చుంచెలుకల్లో నాలుగు నుంచి ఆరు వారాల వయసున్న కొత్త కణాలు ముదురు కణాల కన్నా తేలికగా ఉత్తేజితమై, తోటి కణాలతో బంధాలను సులువుగా బలపరచుకుంటాయి. అందువల్లనే కావచ్చు, నిన్న వాహనం నిలిపిన చోటు, ఈరోజు నిలిపిన చోటు వంటి దగ్గరి పోలికగల అనుభవాలు కలగాపులగం కాకుండా విడివిడిగా నమోదు కావడంలో వీటికి పాత్ర ఉందని ఆ జంతువులపై జరిగిన ప్రయోగాలు సూచిస్తున్నాయి. విచిత్రమేమిటంటే, ఇవే కణాలు పాత బంధాలను కదిలించి మరపుకూ దారితీయగలవని 2014 నాటి పరిశోధన ఒకటి చూపింది.

మనుషుల విషయంలో వివాదం తీరలేదు. 2018లో వెలువడిన ఒక అధ్యయనం పెద్దల్లో కొత్త కణాలు కనిపించలేదనగా, అదే ఏడాది మరొకటి వృద్ధాప్యంలోనూ పుడుతున్నాయంది. మరణానంతరం కణజాలాన్ని భద్రపరచడంలో జరిగే జాప్యం ఈ తేడాకు ఒక కారణమని కొందరి వాదన. నాకది సబబుగానే తోస్తోంది. ఈ స్థితిలో మెదడు కణాలను పెంచుతామంటూ వచ్చే మాత్రల ప్రకటనలను మీ విజ్ఞాన శీర్షికలో నిశితంగా పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు