వార్షిక నివేదిక 2024–25: ఎముకల మీద మిగిలిన సొరచేపల గాట్లు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది హనుమకొండలో మన సంఘం జరిపిన విజ్ఞాన సమావేశాలలో, ప్రాచీన సముద్ర క్షీరదాలను సొరచేపలు తిన్నాయనడానికి శిలాజాలలో దొరికిన ఆధారాల గురించిన చర్చే సభ్యులను ఎక్కువగా ఆకట్టుకున్నది కనుక, ఈ నివేదికలో అధిక భాగం దానికే కేటాయిస్తున్నాను.

సొరచేప అస్థిపంజరం మృదులాస్థి కావడం వల్ల శిలాజంగా అరుదుగా నిలుస్తుంది; దాని పళ్లూ, ఆ పళ్లు ఇతర జంతువుల ఎముకల మీద పెట్టిన గాట్లూ మాత్రం నిలుస్తాయి. గాటును చదవడం నేర్చుకునేందుకు మటన్ దుకాణం నుంచి మేక పక్కటెముకలు తెచ్చి, కొన్నింటిని నున్నటి కత్తితోనూ, కొన్నింటిని పళ్లున్న కోత కొడవలితోనూ గీసి భూతద్దంతో చూశాం. కత్తి గీత ఒకే చాలుగా కనిపించగా, కొడవలిని అడ్డంగా లాగిన చోట సన్నని సమాంతర గీతలు పడ్డాయి. అంతరించిపోయిన భారీ సొరచేప మెగలోడాన్ పళ్ల అంచు రంపం వంటిది, అంతరించిపోయిన మరో సొరచేప కాస్మోపాలిటోడస్ హస్టాలిస్ పళ్ల అంచు నున్ననిది. కొరికినదేదో శాస్త్రజ్ఞులు అంచనా వేసేది ఈ తేడాను బట్టే. పెరూలోని పిస్కో శిలాస్తరాలలో దొరికిన చిన్న తిమింగలాల ఎముకల మీది గాట్లు మెగలోడాన్‌వి కావచ్చని 2017లో ప్రకటించారు.

అయితే గాటు ఉన్నంత మాత్రాన వేట జరిగినట్లు కాదు, తేలుతున్న కళేబరాన్నైనా సొరచేప తినవచ్చు. ఈ చిక్కును విప్పిన ఎముక అమెరికాలోని నార్త్ కరోలినాలో, ఒక గనిలో దొరికింది. 30–40 లక్షల ఏళ్ల నాటి ఆ తిమింగలం పక్కటెముక మీద సుమారు 6 సెంటీమీటర్ల ఎడంతో మూడు పంటిగాట్లు ఉన్నాయి, వాటి చుట్టూ కొత్త ఎముక పెరిగింది. చచ్చిన జంతువులో ఎముక పెరగదు కదా! కాటు తర్వాత అది రెండు నుంచి ఆరు వారాలు బతికిందని 2012లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. ఇటలీలో దొరికిన 2.8 మీటర్ల డాల్ఫిన్ విషయంలో మాత్రం మానిన గుర్తులు లేకపోవడంతో, గాట్లు పడిన తీరును బట్టి సొరచేప వెనుక నుంచి దాడి చేసిందని ఊహించారు. నాకు పక్కటెముక సాక్ష్యమే బలమైనదనిపిస్తుంది.

ఇటువంటివి మన గోదావరి లోయలో దొరకవా అని పలువురు అడిగారు. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లిలో బయటపడిన కోటాసారస్ అనే డైనోసార్ నేల మీద బతికిన జురాసిక్ కాలపు జంతువు; తిమింగలాలు పుట్టింది కోట్ల ఏళ్ల తర్వాత. మన దేశంలో తొలినాటి తిమింగలాల శిలాజాల కోసం కచ్ వైపు చూడాలి.

వానల వల్ల ఆగిన హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియం సందర్శనను వచ్చే దసరా సెలవుల తర్వాత జరపాలని కార్యవర్గం నిర్ణయించింది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి సర్వసభ్య సమావేశంలో వేరుగా సమర్పిస్తారు.

— కార్యదర్శి