శిశువుల ఐసీయూలో తల్లికి మంచం ఏదీ?

సంపాదకుడు గారికి,

మన జిల్లా ప్రభుత్వాసుపత్రిలో నవజాత శిశువుల కొత్త ఐసీయూ ప్రారంభమైందని గత వారం జిల్లా పేజీలో వేశారు. బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్లు ఎన్ని వచ్చాయి, ఎంత ఖర్చయింది, రిబ్బను ఎవరు కత్తిరించారు, అన్నీ రాశారు. తల్లిదండ్రులు బిడ్డను చూసుకోవడానికి పెద్ద అద్దం పెట్టామనీ, సాయంత్రం గంటసేపు లోపలికి అనుమతిస్తామనీ అధికారులు గొప్పగా చెప్పారు. తల్లి పడుకునే మంచం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. వార్తలోనే కాదు, వార్డులోనూ మంచం లేదు.

కుటుంబ సభ్యులను సంరక్షణలో భాగం చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే మార్గదర్శకాలిచ్చింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో, 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన 3,211 మంది పిల్లల మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. పుట్టగానే తల్లి ఒంటికి హత్తి, తల్లి మంచం ఐసీయూ లోపలే వేసిన చోట 28 రోజుల్లోపు మరణాలు 12 శాతం. పాత పద్ధతిలో ఉంచినవారిలో 15.7 శాతం. తల్లులు లోపలికొస్తే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయని మనవాళ్లు చెప్పే మాటకూ అక్కడే జవాబుంది. ఇన్ఫెక్షన్ అనుమానాలు కూడా తల్లి దగ్గరున్న పిల్లల్లోనే తక్కువ. బిడ్డను ఇలా తల్లి ఒంటికి హత్తి ఉంచే కంగారూ పద్ధతిని మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు కనీసం 8 గంటలు, వీలైతే 24 గంటలూ పాటించమంది. సాయంత్రం గంటసేపు అనుమతితో ఎనిమిది గంటలు ఎలా పూర్తవుతాయి?

ఇన్ఫెక్షన్ తెచ్చేది తల్లి కాదు, కడగని చేతులు. ఒకే వార్మర్ మీద ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టడం. ప్రతి మంచానికీ 20 అడుగుల లోపల సింకు ఉండాలి, మోచేత్తో తిప్పే కుళాయి ఉండాలి, నీళ్లు చిందకుండా తొట్టి లోతుగా ఉండాలి. ద్వారం దగ్గర ఒక్క సింకు పెడితే పని ఒత్తిడిలో ఒక బిడ్డను ముట్టుకున్న చేత్తోనే మరో బిడ్డను ముట్టుకుంటారు. అందులో సిస్టర్ల తప్పేమీ లేదు, గీసిన ప్లానుదే తప్పు.

ముక్కు గొట్టాలతో గాలి అందించే సీప్యాప్ మిషను మీదున్న బిడ్డను తల్లి గుండెల మీదికి చేర్చాలంటే ఇద్దరు కావాలి. ఒకరు బిడ్డను ఎత్తుకుంటే మరొకరు గొట్టాలు పట్టుకోవాలి. బిడ్డకు టోపీ, సాక్సులు, డైపర్ తప్ప మరేమీ ఉండకూడదు. రొమ్ముల మధ్య నిటారుగా, కాళ్లు కప్పలా మడిచి, తల ఒక పక్కకు తిప్పి, మెడ కాస్త వెనక్కి ఉండేలా ఆనించి మెత్తని గుడ్డతో కట్టాలి. మెడ ముందుకు వాలిందంటే ఊపిరి ఆగిపోవచ్చు. గొట్టాన్ని తల్లి భుజం దగ్గర టేపుతో బిగించాలి, రక్తంలో ఆక్సిజన్ కొలిచే ప్రోబ్ పాదానికే ఉంచాలి. ఇంత చేసి పది నిమిషాలకే దించేస్తే బిడ్డ అలసటే మిగులుతుంది, ఒక్కసారికి గంటైనా ఉంచాలి. ప్లాస్టిక్ స్టూలు మీద గంటసేపు ఏ సిజేరియన్ తల్లి కూర్చోగలదు? వాలు కుర్చీ కావాలి, పక్కన మంచం కావాలి, అదే అంతస్తులో మరుగుదొడ్డి, వేణ్నీళ్ల స్నానాల గది కావాలి. ఏసీని పెద్దల వార్డులో పెట్టినంత చల్లగా పెట్టకూడదు.

పాల సంగతి మరీ ఘోరం. తొలి గంటల నుంచే మొదలుపెట్టి రాత్రిపూట కూడా కలిపి రోజుకు ఎనిమిది సార్లైనా పిండితేనే పాలు నిలుస్తాయి. బాలింత కింది అంతస్తులో, బిడ్డ పై అంతస్తులో ఉంటే, అర్ధరాత్రి కుట్లతో మెట్లెక్కి వాచ్‌మన్‌ను బతిమాలుకోవాలి. నాలుగో రోజుకు పాలు తగ్గుతాయి. అప్పుడు డబ్బా పాలు తెమ్మని తండ్రి చేతికి చీటీ ఇస్తారు.

ఇంకో చిక్కు ఉంది. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద బాలింతకు ఉచిత భోజనం సాధారణ కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులే. 1.2 కిలోల బిడ్డ వారాల తరబడి లోపల ఉంటుంది. తల్లిని డిశ్చార్జి చేసినట్టు కేసు షీటులో రాసేశాక ఆమె వరండాలో చాప మీద పడుకుంటోంది, బయట ఇడ్లీ కొనుక్కు తింటోంది. ఆ ఒంటితో పాలెక్కడి నుంచి వస్తాయి?

మన దగ్గర ఏ శాఖలోనైనా ఇదే వరస. టెండరు పిలిచి కొనగలిగే వస్తువులే పనిగా లెక్కకొస్తాయి. మిషన్లకు ఫొటోలు దిగుతారు, వాటిని చూసుకునే సిస్టర్ల పోస్టులు మాత్రం భర్తీ చేయరు. ఒకరు నలుగురు పిల్లల్ని చూడాల్సిన చోట పది మందిని అప్పగించి, తల్లులకు నేర్పించలేదేమని అడిగే హక్కు ఎవరికుంది?

ప్రస్తుతం స్టోరుకు కేటాయించిన పక్క గదిని ఖాళీ చేయించి, మధ్య గోడకు ద్వారం తీసి ముందు ఆరు మంచాలు వేయండి. తల్లితో పాటు తండ్రికో అమ్మమ్మకో గౌను ఇచ్చి, చేతులు కడిగించి, పగలూ రాత్రీ లోపలికి రానివ్వండి. బిడ్డ ఐసీయూలో ఉన్నన్నాళ్లూ తల్లికి మూడు పూటలా భోజనం ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ నిధుల నుంచి పెట్టండి. వీటిలో ఏది ఎప్పటిలోగా చేస్తారో సూపరింటెండెంట్ గారు మీ పత్రిక ద్వారానే చెప్పాలని కోరుతున్నాను.

— విశ్రాంత స్టాఫ్ నర్సు