మా నాన్న రక్తం స్లైడు చూసిన తమ్ముడికి

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. నాన్నకు 71 ఏళ్లు, ఆయనకు రక్త కేన్సర్ అని తేలింది. ఈ ఆరు నెలలూ మాకు తోడు నిలిచినవాళ్లకు నలుగురి ముందూ దండం పెట్టుకోవాలని రాస్తున్నాను.

సంక్రాంతి ముందు గడ్డం గీస్తూ మా ఊరి సెలూన్ అబ్బాయి చెయ్యి ఆపేశాడట. "పెదనాన్నా, దవడ కింద బిళ్లలు కట్టాయి, నొప్పి లేదా?" అని అడిగాడట. నొప్పి లేదు కాబట్టే నాన్న మాకెవరికీ చెప్పలేదు. అప్పటికే తోటలో నాలుగు కొబ్బరికాయలు ఏరేసరికి కూలబడిపోతున్నారు. మా వైపు నీరసం అంటే ముందు కిడ్నీల భయమే. క్రియాటినిన్ 0.9 వచ్చింది, ఊపిరి పీల్చుకున్నాం. ఒక క్లినిక్‌లో ఇన్ఫెక్షన్ అన్నారు. రెండు కోర్సులు యాంటిబయాటిక్ వాడినా బిళ్లలు కరగలేదు.

కాశీబుగ్గ ల్యాబ్ తమ్ముడూ, ఇక్కడి నుంచి నీతోనే మాట్లాడుతున్నాను. రక్తపరీక్షలో తెల్ల కణాలు 46,000 అని, బాగా ఎక్కువని మెషీన్ చెప్పాక కాగితం చేతిలో పెట్టి పంపేయొచ్చు. నువ్వు స్లైడు వేసి కళ్లతో చూశావు, నన్నూ చూడమన్నావు. తడి కాగితం మీద సిరా అలుక్కుపోయినట్టు చెదిరిన కణాలు. "అన్నా, ఇవి లింఫోసైట్లు, తెల్ల కణాల్లో ఒక రకం. గాజు మీద పరిస్తేనే చితికిపోతున్నాయి. ఇన్ఫెక్షన్‌లా లేదు. పాత రిపోర్టులుంటే వెతుకు" అన్నావు.

బీరువాలో కంటి శుక్లాల ఆపరేషన్ ఫైలు దొరికింది. 14 నెలల కిందటే తెల్ల కణాలు 17,400, అందులో లింఫోసైట్లు 70 శాతం అని ముద్దక్షరాల్లో ఉంది. ఆ రోజు ఎవరూ మాతో ఒక్క మాట అనలేదు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

విశాఖలో రక్త వ్యాధుల డాక్టరమ్మ గారు ముందు ఆ పాత కాగితమే చేతిలోకి తీసుకున్నారు. మైక్రోలీటరు రక్తంలో ఒకే రకం బి లింఫోసైట్లు 5,000కు తగ్గకుండా, మూడు నెలలైనా నిలిచి ఉంటేనే ఈ జబ్బని తేలుస్తారట. మూలుగ పరీక్ష అంటూ నడుము దగ్గర సూది గుచ్చుతారేమోనని మేం హడలిపోయాం. అది అక్కర్లేదని, చేతి నుంచి తీసిన రక్తంతోనే, కణాలు ఏ రకమో తేల్చే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష చేయించారు. క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా అనే రక్త కేన్సర్ అని తేలింది.

"ఏటి డాక్టరమ్మా, కేన్సరంటావు, మందివ్వనంటావు?" అని నాన్న అడిగారు. ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుని అరగంట చెప్పారు. ఇది పెద్ద వయసులో వచ్చి, చాలామందిలో ఏళ్ల తరబడి మెల్లగా నడిచే జబ్బని, తొందరపడి మందు మొదలుపెడితే ఆయుష్షు పెరగదని చెప్పారు. హిమోగ్లోబిన్ 10 కిందికి, ప్లేట్‌లెట్లు లక్ష కిందికి జారినా, బరువు బాగా తగ్గినా, రాత్రుళ్లు ఒళ్లంతా చెమట పట్టినా అప్పుడు మందులు మొదలుపెడతామన్నారు. అంతవరకు మూడు నెలలకోసారి పరీక్ష. ఫ్లూకు, నిమోనియాకు టీకాలు వేయించారు. ఆ రాత్రి నాన్న చాన్నాళ్లకు కడుపునిండా తిన్నారు.

ప్రతిసారీ తెల్లవారుజామున బండి మీద పలాస స్టేషన్‌కు దింపే మా బావకు కూడా నమస్కారాలు.

తమ్ముడూ, స్లైడుకు డబ్బులు వద్దన్నావు. వచ్చే వారం నాన్నే నీ ల్యాబుకు వస్తున్నారు, ఓ సంచీ జీడిపప్పుతో. అది మాత్రం వద్దనకు.