ఖాళీ జాగాలో రెండు చుక్కలు: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను ల్యాబ్‌లో కల్చర్ ప్లేట్లు చూసే ఉద్యోగిని. రోగి నుంచి వచ్చిన బ్యాక్టీరియాను ప్లేటు నిండా పరిచి, యాంటీబయాటిక్ పట్టించిన చిన్న కాగితం బిళ్లలు పెడతాం. మర్నాటికి, మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ జాగా ఏర్పడుతుంది. ఒక్కోసారి ఆ ఖాళీలోనే రెండు మూడు చుక్కలు మొలిచి ఉంటాయి. మందును తట్టుకుని పెరిగిన బ్యాక్టీరియా అవి. వాటిని చూసినప్పుడల్లా నాకు గుబులే.

బ్యాక్టీరియా మందుకు అలవాటు పడిపోయిందని అందరం అంటుంటాం. అసలు జరిగేది వేరు. పరిస్థితులు అనుకూలిస్తే ఈ.కోలి అనే బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఒక్కటి ఏడు గంటల్లో 20 లక్షలు దాటుతుంది. అన్నిసార్లు డీఎన్ఏకు నకలు తీస్తుంటే ఎక్కడో తప్పు దొర్లుతుంది. చాలా తప్పులు దేనికీ కొరగావు. ఏదో ఒకటి మాత్రం మందు అతుక్కునే చోటునే మార్చేస్తుంది. మందు రాకముందే ఆ కణం అక్కడ ఉంటుంది. 1952లో శాస్త్రవేత్తలైన లెడర్‌బర్గ్ దంపతులు మఖమల్ గుడ్డతో ఒక ప్లేటులోని బ్యాక్టీరియాను మరో ప్లేటుకు అద్ది నిరూపించింది ఇదే. స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎన్నడూ తగలని వాటిలోనూ దాన్ని తట్టుకునేవి దొరికాయి.

మందు చేసేది ఏరివేత. లొంగేవి చచ్చాక ఆ చోటూ తిండీ మొండివాటికి దక్కుతాయి. పైగా అవి ప్లాస్మిడ్లనే డీఎన్ఏ ఉంగరాల ద్వారా ఆ గుణాన్ని వేరే జాతి బ్యాక్టీరియాకూ అందిస్తాయి. అందుకే జలుబుకు యాంటీబయాటిక్ ఇస్తే నాకు బాధ. జలుబు తెచ్చే వైరస్‌కు ఏమీ కాదు, పేగుల్లోని కోట్లాది బ్యాక్టీరియాలో మాత్రం ఏరివేత జరిగిపోతుంది.

2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా చనిపోయినవారు ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మందని అంచనా.

అయ్యా, మా దగ్గరికి వచ్చే శాంపిళ్లు చాలావరకు ఆలస్యంగానే వస్తాయి. రెండు మందులు మార్చి, దిక్కుతోచక పంపుతారు. అప్పటికి ప్లేటులో ఏమీ పెరగదు, లేదా మొండివే పెరుగుతాయి. ప్రాణం మీదికొచ్చినప్పుడు రిపోర్టు కోసం ఆగమని నేను అనను. మొదటి డోసుకు ముందే శాంపిల్ తీసేలా చూడండి, చాలు. ఆ పరీక్షకు రోగి జేబు తడుముకోనక్కర్లేకుండా చేయండి. కోళ్లు, పశువులు త్వరగా పెరగాలని మేతలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని ఎక్కడా సాగనివ్వకండి. యూరోపియన్ యూనియన్ 2006లోనే దాన్ని ఆపేసింది.

ఒక్కరోజు ల్యాబ్‌కు రండి. ఆ చుక్కలున్న ప్లేటు మీకు చూపిస్తాను.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజీ ల్యాబ్ ఉద్యోగి